రక్తపరీక్ష నార్మల్ వచ్చింది, మరి అపెండిక్స్ ఎలా అయింది?

మీ ఆరోగ్యం – ప్రశ్నలూ జవాబులూ
(జవాబులు: అమలాపురం నుంచి జనరల్ సర్జన్)

పండగ వెళ్ళాక వచ్చిన ఉత్తరాల్లో కడుపునొప్పి గురించినవే ఎక్కువ. దాదాపు అన్నిటికీ ఏదో ఒక ల్యాబ్ రిపోర్టు జత చేశారు. అన్నిట్లోనూ అడిగింది ఒకటే: ఈ అంకె చూస్తే అపెండిక్సో కాదో తేలిపోదా అని. అందుకని ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పి.గన్నవరం దగ్గర గోదావరి లంక. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళొచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి బొడ్డు చుట్టూ నొప్పి అన్నాడు, అన్నం ముట్టలేదు. తీర్థంలో ఏదో తినుంటాడు, అజీర్తి అనుకున్నాం. మా అత్తగారు ఆముదం పట్టమన్నారు గానీ ఈలోపు వాడు వాంతి చేసుకోవడంతో పట్టలేదు. తెల్లవారుజామున ఐదింటికి ఆర్‌ఎంపీ గారు వచ్చి సూదిమందు వేసి, రక్తం తీయించి పంపారు. తెల్లకణాలు 9,800, నార్మలేనన్నారు. వైడల్ మాత్రం పాజిటివ్ వచ్చింది. టైఫాయిడ్ అని మందులిచ్చారు. ఆ పగలంతా మూలుగుతూనే ఉన్నాడు. మరుసటి ఉదయానికి నొప్పి కుడి డొక్కలోకి దిగి నిటారుగా నిలబడలేకపోయాడు. అమలాపురం తీసుకొస్తే తెల్లకణాలు 17,200, సీఆర్‌పీ 84 వచ్చాయి. మధ్యాహ్నానికే ఆపరేషన్ చేశారు, పగిలే దశలో ఉందన్నారు. ఇప్పుడు బాగున్నాడు. కానీ నాకు నిద్ర పట్టడం లేదు. మొదటి ల్యాబ్ వాళ్ళు తప్పు రిపోర్టు ఇచ్చారా? మేమే కనిపెట్టలేకపోయామా? రెండు రిపోర్టులూ పంపుతున్నాను.

జవాబు: అమ్మా, ముందు మీ మనసులోని ముల్లు తీసేస్తాను. ఆ ల్యాబ్ తప్పు లెక్క వేసిందనడానికి నాకు ఆధారం ఏమీ కనిపించలేదు. ఆ తెల్లవారుజామున మీ అబ్బాయి రక్తంలో తెల్లకణాలు నిజంగానే 9,800 ఉండి ఉంటాయి. అప్పటికి నొప్పి మొదలై ఎనిమిది గంటలే అయింది. అసలు సంగతి అక్కడే ఉంది.

అపెండిక్స్ అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే సన్నటి గొట్టం. చిటికెన వేలంత లావు కూడా ఉండదు. గట్టిపడ్డ మలం ముక్క అడ్డుపడో, పిల్లల్లో అయితే ఒక్కోసారి ఏ వైరల్ జ్వరం తర్వాతో లోపలి కణజాలం వాచో దాని దారి మూసుకుపోతుంది. లోపల ఊరే జిగురు బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి, గోడ వాస్తుంది. ఈ మొదటి దశలో నొప్పి బొడ్డు దగ్గరే తెలుస్తుంది. అపెండిక్స్ నుంచి వచ్చే నరాలూ బొడ్డు చుట్టూ చర్మం నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో ఒకే అంతస్తులో కలుస్తాయి కాబట్టి, మెదడు ఆ నొప్పిని బొడ్డుదే అనుకుంటుంది. వాపు గోడ దాటి కడుపు లోపలి పొరను తాకాక గానీ నొప్పి కుడివైపు కిందికి దిగదు. మీ అబ్బాయికి జరిగింది అచ్చంగా ఇదే.

రక్తానికి కబురు అందడానికీ ఇలాగే సమయం పడుతుంది. ఎముకల్లోని మూలుగ నుంచి తెల్లకణాలు, వాటిలోనూ న్యూట్రోఫిల్స్ అనే రకం, రక్తంలోకి వచ్చి లెక్క పెరగాలి. సీఆర్‌పీ అనేది కాలేయం తయారుచేసే ప్రొటీన్. వాపు సంకేతం అందాక అది పెరగడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది, శిఖరానికి చేరేసరికి సుమారు రెండు రోజులు. లంకలో ఉండేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చిన పూట మీ రేవులో మెట్లు పొడిగానే ఉంటాయి. అంతమాత్రాన వరద లేదని ఎవరూ నిశ్చింతగా పడుకోరు, మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసొస్తారు. రక్తపరీక్షనీ అలాగే చూడాలి. ఒక్క అంకె కన్నా, ఆరేడు గంటల తేడాతో తీసిన రెండు అంకెలు ఎక్కువ చెబుతాయి. ఆ మధ్యాహ్నం పన్నెండింటికి మళ్ళీ రక్తం తీసి ఉంటే 9,800 పైకి పాకడం కనిపించి ఉండేదని నా అంచనా.

ఇక మీరు పంపిన మొదటి రిపోర్టు. అందరూ పై వరసలోని మొత్తం లెక్క చూసి నార్మల్ అన్నారు. నేను కింది వరస చూశాను. న్యూట్రోఫిల్స్ 84 శాతం, లింఫోసైట్స్ అనే ఇంకో రకం 12 శాతం. న్యూట్రోఫిల్స్ సాధారణంగా 75 శాతం దాటవు. అంటే మొత్తం లెక్క ఇంకా పెరగకముందే లోపల వాటా మారిపోయింది. మన దగ్గర పాత డాక్టర్లు టీసీ (మొత్తం లెక్క), డీసీ (ఏ రకం ఎంత శాతమో) అని రెండూ కలిపి రాసేది ఇందుకే. టీసీ ఒక్కటే చూసి కాగితం మడిచేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. అచ్చయిన కాగితంలోనే ఉన్న సమాచారం అది, దానికి అదనంగా ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు.

1986లో ఫిలడెల్ఫియాలో అల్ఫ్రెడో ఆల్వరాడో అనే సర్జన్ పది మార్కుల కొలమానం ఒకటి ఇచ్చారు. ఇప్పటికీ మేం వాడుతున్నాం. నొప్పి బొడ్డు నుంచి కుడివైపుకి దిగితే 1, ఆకలి పోతే 1, వికారం లేదా వాంతికి 1, కుడివైపు కింద నొక్కితే నొప్పికి 2, నొక్కి వదిలేసినప్పుడు కలుక్కుమంటే 1, ఒళ్ళు కొంచెం వెచ్చబడితే 1. ఇవన్నీ మంచం పక్కన కూర్చుని తెలుసుకునేవే. రక్తానికి మిగిలింది మూడే: తెల్లకణాలు 10,000 దాటితే 2, న్యూట్రోఫిల్స్ 75 శాతం దాటితే 1. ఏడూ ఆపైన వస్తే అపెండిసైటిస్, అంటే అపెండిక్స్ వాపు, అని గట్టిగా అనుమానించాలి. ఐదూ ఆరూ అయితే దగ్గర పెట్టుకుని గమనించాలి, పరీక్షలు మళ్ళీ చేయాలి. నాలుగూ అంతకన్నా తక్కువైతే అవకాశం తక్కువ.

మీ అబ్బాయికి ఆ తెల్లవారుజామున ఎన్ని వచ్చేవో చూడండి. ఆకలి లేదు, వాంతి అయింది, న్యూట్రోఫిల్స్ పెరిగాయి. మూడు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, కడుపు మీద చెయ్యి వేసి నొక్కి చూశారన్న మాట ఎక్కడా లేదు. నొక్కినప్పుడు కుడివైపు కింద నొప్పి ఉండుంటే అదొక్కటే ఐదుకి తీసుకెళ్ళేది. ఐదు అంటే ఆపరేషన్ కాదు, కానీ ఇంటి దగ్గర ఉంచడమూ కాదు. సూది వేయడానికి ముందు, రక్తం తీయడానికి ముందు చెయ్యి. ఏ ఊరి డాక్టరు గారికైనా, ఆర్‌ఎంపీ గారికైనా నేను బతిమాలి చెప్పే మాట ఇదే.

వైడల్ సంగతి కూడా చెప్పాలి. టైఫాయిడ్ సూక్ష్మజీవి మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను చూసే పరీక్ష అది. ఎప్పుడో వచ్చిపోయిన జబ్బు వల్లా, టీకా వల్లా కూడా పాజిటివ్ వస్తుంది. మన ప్రాంతంలో ఆరోగ్యంగా తిరిగేవాళ్ళకి చేసినా కొందరికి పాజిటివ్ వస్తుంది. టైఫాయిడ్ రోజుల తరబడి జ్వరంతో వచ్చే జబ్బు. అందులో తెల్లకణాలు మామూలుగా ఉంటాయి, లేదా తగ్గుతాయి. జ్వరమే లేని పిల్లాడికి నొప్పి మొదలైన ఎనిమిది గంటలకి వైడల్ చేయడంలో అర్థం లేదు. ఆ పాజిటివ్ అన్న మాట ఒక పగలూ ఒక రాత్రీ తినేసింది.

ఆముదం పట్టకపోవడం మంచిదైంది. కారణం తెలియని కడుపునొప్పికి విరేచనం మందు ఏదీ ఇవ్వకూడదు. పేగు బలంగా కదిలితే వాచిన అపెండిక్స్ పగిలే ప్రమాదం పెరుగుతుంది. అత్తగారికి ఇది నెమ్మదిగా చెప్పండి. ఆవిడ మనవడి మీద ప్రేమతోనే అన్నారు.

ప్రశ్న: మాది భీమవరం. మా అమ్మాయి కాకినాడలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. కుడివైపు పొత్తికడుపులో నొప్పి వస్తే అక్కడే ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. తెల్లకణాలు 13,400, సీఆర్‌పీ 7. స్కానింగ్‌లో అపెండిక్స్ కనిపించలేదని, పొత్తికడుపులో కొద్దిగా నీరుందని రాశారు. ఆపరేషన్ చేసేయండని నేను చెప్పినా వినకుండా రాత్రంతా సెలైన్ పెట్టి ఉంచారు. మర్నాడు తెల్లకణాలు 9,200కి దిగాయని పంపేశారు. అంత కౌంట్ ఉంటే ఊరుకోవడం నిర్లక్ష్యం కాదా? ఇంకొక మాట. పెళ్ళికాని పిల్లకి గర్భం పరీక్ష చేశారు. తండ్రిగా నాకు చాలా అవమానం అనిపించింది.

జవాబు: రెండో మాటకి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ కోపం అక్కడ ఉంది. పన్నెండేళ్ళ పిల్ల మొదలు నెలసరి ఆగిపోని ప్రతి స్త్రీ వరకూ, కింది కడుపులో నొప్పితో వస్తే ఆ పరీక్ష చేయాలి. పెళ్ళయిందా లేదా అని మేం అడగం, అడగకూడదు కూడా. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచి అది పగిలితే కడుపులో రక్తస్రావమై గంటల్లో ప్రాణం పోతుంది. ఆ నొప్పి కూడా సరిగ్గా ఈ చోటే రావచ్చు. రెండు చుక్కల మూత్రంతో అది కాదని తేల్చుకోగలిగినప్పుడు, మర్యాద కోసం మానేసే డాక్టరు దగ్గరికి నేనైతే నా కూతుర్ని పంపను. ఆ పరీక్ష మీ అమ్మాయి నడవడిక మీద వేసిన ప్రశ్న కాదండీ. మీరు ఆ మాట అమ్మాయితో అని ఉంటే, దయచేసి వెనక్కి తీసుకోండి.

ఇక 13,400. తెల్లకణాలు పెరగడానికి అపెండిక్స్ ఒక్కటే కారణం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, గొంతులో ఇన్ఫెక్షన్, బాగా వాంతులు కావడం, తీవ్రమైన నొప్పి, ఆందోళన, స్టెరాయిడ్ మందులు, వీటిలో దేనితోనైనా పెరుగుతాయి. అపెండిసైటిస్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఈ లెక్క పెరిగి ఉంటుంది, నిజమే. కానీ పెరిగినవాళ్ళందరికీ అపెండిసైటిస్ ఉండదు. ఈ రెండు వాక్యాలకీ మధ్య ఉన్న తేడా పట్టించుకోకపోవడం వల్ల ఎంతోమంది ఆడపిల్లలకి బాగున్న అపెండిక్స్‌ని తీసేసిన రోజులున్నాయి. ఊరికే తీసేస్తే పోయేదేముంది అంటారు. పోయేది ఉంది. కోత దగ్గర చీము పట్టవచ్చు, పేగులు అతుక్కుని ఏళ్ళ తర్వాత మెలిపడవచ్చు, మత్తు మందు ప్రమాదం ఎటూ ఉంటుంది.

మీ అమ్మాయి వయసులో నెలసరి నడిమధ్యన అండం విడుదలైనప్పుడు కూడా ఇలా ఒక పక్కన నొప్పి, కొద్దిగా నీరు కనిపించవచ్చు. అండాశయంలో చిన్న నీటితిత్తి పగిలినా అంతే. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. మీ అమ్మాయికి ఏది జరిగిందో ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను గానీ, పద్నాలుగు గంటల తర్వాత తెల్లకణాలు దిగాయి, సీఆర్‌పీ పెరగలేదు, నొక్కితే నొప్పి తగ్గిందని డిశ్చార్జి కాగితంలో రాశారు. మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. స్కానింగ్‌లో అపెండిక్స్ కనిపించకపోవడం మీకు నిర్లక్ష్యంగా అనిపించింది. పేగుల్లో గాలి అడ్డొస్తే మంచి రేడియాలజిస్టుకి కూడా దొరకదు. కనిపించలేదు అంటే బాగుందనీ కాదు, బాగాలేదనీ కాదు. సీటీ స్కాన్ తీస్తే చాలావరకు తేలిపోతుంది గానీ చిన్న వయసు పిల్లకి అంత రేడియేషన్ అవసరమైతేనే ఇవ్వాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు నాలుగు గంటలకోసారి వచ్చి కడుపు నొక్కి చూశారని మీరే రాశారు. ఏమీ చేయకుండా ఉంచడం కాదది. ఆ నొప్పికి ఇవ్వవలసిన వైద్యం అదే. డబ్బు తీసుకుని పొట్ట కోయడం అంతకన్నా తేలిక.

ప్రశ్న: మేడం, రాజోలు దగ్గర చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. మా దగ్గర త్రీ పార్ట్ సెల్ కౌంటర్ ఉంది. సీఆర్‌పీ లేటెక్స్ కిట్‌తో పాజిటివ్, నెగటివ్ అని ఇస్తాం. ఈ మధ్య కొందరు డాక్టర్లు ఎన్‌ఎల్‌ఆర్ అడుగుతున్నారు. కడుపునొప్పి కేసు వస్తే మేం రిపోర్టు ఎలా ఇస్తే మీకు పనికొస్తుంది?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఊళ్ళో మొదటి రక్తం మీ దగ్గరే తీస్తారు.

అన్నిటికన్నా ముందు, రక్తం తీసిన గంట రాయండి. తేదీ ఒక్కటే ఉంటే మాకు సగం అర్థం పోతుంది. వీలైతే నొప్పి ఎప్పుడు మొదలైందో అడిగి పక్కన రాయండి. ఆ ఒక్క వరస ఉంటే మీ సీబీపీ (రక్తకణాల లెక్క రిపోర్టు) విలువ రెట్టింపవుతుంది.

త్రీ పార్ట్ మిషన్ కణాలను వాటి పరిమాణం బట్టి మూడు గుంపులుగా విడదీస్తుంది. మూలుగ తొందరపడి పంపించే లేత న్యూట్రోఫిల్స్‌ని అది విడిగా చూపించలేదు. వాటిని మైక్రోస్కోపులో కంటితోనే పట్టాలి. కాబట్టి కడుపునొప్పి, జ్వరం కేసుల్లో మిషన్ కాగితంతో సరిపెట్టకుండా ఒక స్లైడు వేసి చూడండి. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులో రక్తం ఎక్కువసేపు నిలవుంటే కణాల రూపం చెడుతుంది, అందుకని తీసిన వెంటనే స్లైడు పరిచేయండి. లేత కణాలు ఎక్కువగా ఉంటే అది కింద ఒక్క మాటలో రాయండి.

ఎన్‌ఎల్‌ఆర్ అంటే న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చే అంకె, అంతే. పైన ఆ లంక పిల్లాడికి 84ని 12తో భాగిస్తే 7. అది ఎంత ఎక్కువైతే వాపు అంత తీవ్రంగా ఉందని అనుమానిస్తాం. అది కొత్త పరీక్ష కాదు. దయచేసి దానికి విడిగా డబ్బు తీసుకోకండి.

సీఆర్‌పీ పాజిటివ్ అన్న ఒక్క మాట మాకు చాలదు. లేటెక్స్ కిట్ లీటరుకి సుమారు 6 మిల్లీగ్రాములు దాటితే గడ్డలు చూపిస్తుంది. 8కీ 180కీ మీ కాగితం మీద తేడా ఉండదు, మాకు మాత్రం ఆ తేడాలోనే అంతా ఉంది. సీరంని రెట్టింపు చొప్పున పలచన చేసుకుంటూ పోయి ఏ పలచన దాకా గడ్డ కట్టిందో రాస్తే అంచనా అందుతుంది. సీఆర్‌పీ మరీ ఎక్కువగా ఉన్న రక్తం పలచన చేయకపోతే నెగటివ్‌లా కనిపించే ప్రమాదం కూడా ఉంది. అంకెతో ఇచ్చే మిషన్ ఉన్నప్పుడు కొలమానం తప్పకుండా రాయండి. కొన్ని ల్యాబ్‌లు డెసిలీటరుకి ఇస్తాయి, కొన్ని లీటరుకి. ఒక చోట 8.4, ఇంకో చోట 84 చూసి పదింతలు పెరిగిపోయిందని ఇంటిల్లిపాదీ ఏడ్చిన సందర్భం చూశాను. అవి రెండూ ఒకటే.

సీఆర్‌పీని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో కనిపెట్టింది న్యుమోనియా రోగుల రక్తంలో. పుట్టుకతోనే అది ఏ ఒక్క జబ్బుకీ చెందినది కాదు. పన్ను చీము పట్టినా పెరుగుతుంది. ప్రోకాల్సిటోనిన్ అనేది ఇన్ఫెక్షన్ తీవ్రత చూసే ఖరీదైన పరీక్ష. అపెండిసైటిస్ ఉందా లేదా తేల్చడానికి తెల్లకణాలూ సీఆర్‌పీ కన్నా అది మెరుగు కాదు, కాబట్టి డాక్టరు రాయనిదే చేయకండి. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ మాత్రం ఒక సంగతి చెబుతుంది. కాలేయం జబ్బేదీ లేని మనిషికి ఈ నొప్పితో పాటు బిలిరుబిన్ కొంచెం పెరిగితే అపెండిక్స్ కుళ్ళడమో పగలడమో జరిగిందేమోనని జాగ్రత్త పడతాం. అది కూడా జాగ్రత్త కోసమే, తీర్పు కాదు.

ప్రశ్న: మాది మలికిపురం. నాకు ఏడో నెల. మావారు దుబాయ్‌లో ఉంటారు. కుడి పక్క కాస్త నొప్పిగా ఉందని పరీక్ష చేయిస్తే తెల్లకణాలు 13,000 అని, పక్కన ఎక్కువ అని గుర్తు పెట్టి వచ్చింది. అపెండిక్స్ అని అందరూ భయపెడుతున్నారు.

జవాబు: తల్లీ, ఆ గుర్తు గర్భం లేనివాళ్ళ లెక్క ప్రకారం పెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు తెల్లకణాలు మామూలుగానే పెరుగుతాయి. చివరి నెలల్లో 15,000 దాకా ఉన్నా ఆ ఒక్క కారణంతో మేం కంగారుపడం. నొప్పుల సమయంలో ఇంకా పైకి వెళతాయి. కాబట్టి నీ విషయంలో ఆ 13,000 అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు.

అలాగని నొప్పిని వదిలేయకు. ఏడో నెలకి గర్భసంచి అపెండిక్స్‌ని కొంత పైకి నెట్టి ఉండవచ్చు, నొప్పి పక్కటెముకల కింద కూడా తెలియవచ్చు. పగిలితే బిడ్డకి ప్రమాదం చాలా ఎక్కువ. ఈ రోజే నీ డాక్టరుకి చూపించి స్కానింగ్ చేయించుకో. తేలకపోతే ఎంఆర్ఐ తీస్తారు, దానిలో రేడియేషన్ ఉండదు. మీ ఆయన ఫోన్ చేసినప్పుడు ఈ జవాబు చదివి వినిపించు, దూరంలో ఉన్నవాళ్ళకి భయం ఎక్కువ.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తని. ముక్తేశ్వరం అవతల లంకలో పనిచేస్తాను. వరదల్లో మాకు ల్యాబ్ ఉండదు, డాక్టరు ఉండరు, పడవే దిక్కు. 24 గంటల నొప్పి (అపెండిక్స్ నొప్పిని ఇక్కడ అలాగే అంటారు) అని అనుమానం వస్తే రక్తపరీక్ష లేకుండా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: పైన చెప్పిన పది మార్కుల్లో ఏడు మీ చేతిలోనే ఉన్నాయి. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో వేలితో చూపించమనండి. అన్నం తినాలని ఉందా అని అడగండి. ఇష్టమైన చేపల పులుసు పేరు చెప్పినా వద్దంటే అది నిజమైన అరుచి. మీ కిట్‌లో థర్మామీటరు ఉంది, వాడండి. కడుపు నొక్కేటప్పుడు నొప్పి లేని ఎడమవైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా కుడికి రండి, ముఖం చూస్తూ నొక్కండి. నొక్కి వదిలే పరీక్ష మీరు చేయక్కర్లేదు. గట్టిగా దగ్గమనండి. పిల్లలైతే కుడి కాలి మీద గెంతమనండి. దగ్గినా గెంతినా కుడివైపు కింద కలుక్కుమని ఆగిపోతే రక్తపరీక్ష కోసం ఎదురుచూడకుండా పడవ ఎక్కించండి.

వరద రోజుల్లో నా కొలత ఇంకా కఠినం. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చి, నీరు ఇంకా పెరుగుతోందంటే, మామూలు రోజుల్లో సాయంత్రం దాకా చూద్దాం అనుకునే కేసుని కూడా వెంటనే గట్టు దాటించండి. నొప్పి మొదలై ఒకటిన్నర రోజు దాటితే పగిలే అవకాశం పెరుగుతుంది, నీరు ఆ లెక్క చూసుకుని తగ్గదు. అనవసరంగా తీసుకొచ్చారని ఎవరైనా అంటే నా పేరు చెప్పండి. గట్టు దగ్గరికి 108ని ముందే పిలిచి ఉంచండి. తిండి పెట్టకండి, గొంతు తడిపే నీళ్ళు చాలు. పారాసిటమాల్ ఇస్తే జబ్బు దాగిపోతుందన్న భయం అక్కర్లేదు, ఇచ్చిన సమయం రాసి పంపండి. తీవ్రంగా ఉన్న నొప్పి ఒక్కసారిగా తగ్గి, తర్వాత కడుపంతా గట్టిపడితే అది నయం కావడం కాదు, పగిలిందని అర్థం.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు, షుగర్ ఉంది. చెరువుల మీద కాపలా ఉంటారు. నాలుగు రోజులుగా కుడివైపు మందంగా నొప్పి, ఆకలి లేదు. తెల్లకణాలు 8,900 కాబట్టి గ్యాస్ అన్నారు. సీఆర్‌పీ 140 ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు.

జవాబు: ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకూడదని అందిన రోజే మీకు ఫోన్ చేయించాను. మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను. వయసు మళ్ళినవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో తెల్లకణాలు ఊహించినంత పెరగకపోవచ్చు. జ్వరం రాకపోవచ్చు. నొక్కితే పిల్లల్లా అరవరు కూడా. నాలుగో రోజున సీఆర్‌పీ 140 అంటే లోపల పెద్ద వాపు ఎక్కడో ఉంది, దాన్ని గ్యాస్ అనడానికి వీల్లేదు. ఈ వయసులో సీటీకి వెనకాడకూడదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసి, షుగర్ మాత్రలు ఏవి వాడుతున్నారో చెప్పి తీయించుకోవాలి.

మీరు మర్నాడే తీయించారు. అపెండిక్స్ చుట్టూ పేగులూ కొవ్వూ అతుక్కుని ముద్దగా కట్టిందని వచ్చింది. అలా ముద్ద కట్టినప్పుడు వెంటనే కోయకుండా యాంటీబయాటిక్ సెలైన్లతో వాపు తగ్గించడం మంచి పద్ధతే, మీ డాక్టరు సరిగ్గానే చేస్తున్నారు. సీఆర్‌పీ 140 నుంచి 60కి దిగిందన్నారు, ఆ దిగడం ఆగకూడదు. మళ్ళీ ఎక్కితే లోపల చీము చేరిందేమో చూడాలి. ఈ వయసులో అపెండిక్స్ దగ్గర ముద్ద వెనక పెద్దపేగు క్యాన్సర్ గడ్డ దాగి ఉండే అవకాశం ఉంటుంది. అందుకే ఆరు వారాల తర్వాత కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) రాశారు. నొప్పి పోయింది కదా అని, చెరువులు పట్టుబడి సమయం అని మానేస్తానంటారు. మానొద్దని నా మాటగా నాన్నగారికి చెప్పండి.